మీటరు దూరానికి ఎన్ని సెకన్లు? మూడు బొమ్మ ఇంజన్ల లెక్క

జూలై 6, ఆదివారం

ఈ వారం షాపులో ఊపిరి సలపలేదు. రొయ్యల చెరువుల నుంచి ఏరేటర్ మోటార్లు కాలిపోయి రోజుకు నాలుగైదు వస్తున్నాయి. కాయిళ్లు చుట్టీ చుట్టీ వేళ్లకు వార్నిష్ వాసన వదలడం లేదు. అయినా పొద్దున్నే హాల్లో పట్టాలు పరిచేశాను. నా దగ్గరున్న మూడు హెచ్‌వో ఇంజన్లనూ ఒకే పట్టా మీద, ఒకే పరీక్ష పెట్టి చూడాలని ఎప్పటి నుంచో కోరిక.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. హెచ్‌వో అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. నా మొదటి ఇంజను 1980ల నాటిది, మామయ్య కువైట్ నుంచి వస్తూ తెచ్చాడు. రెండోది 2000ల మొదట్లో సెకండ్ హ్యాండులో కొన్నాను. మూడోది నిరుడు వచ్చింది, కస్టమ్స్ డ్యూటీ ఎంతైందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

పరీక్ష సింపుల్. పట్టా మీద మీటరు దూరానికి రెండు గుర్తులు పెట్టాను. ఆగిపోకుండా ఎంత నెమ్మదిగా వెళ్లగలదో అంత నెమ్మదిగా నడిపి, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కడమే. వేగంగా పరిగెత్తడం ఏ బొమ్మకైనా వచ్చు. నర్సాపురం ప్యాసింజరు భీమవరం ప్లాట్‌ఫాం మీదకు వచ్చేటప్పుడు చూడండి, కదులుతోందో ఆగిందో తెలియనంత మెల్లగా జరుగుతూ వచ్చి ఆగుతుంది. ఆ జరగడం బొమ్మలో రావాలి. ఇంజను బాగుపడిందా లేదా అనేదానికి నా కొలత అదే. రంగులు, రివెట్లు తర్వాత సంగతి.

పాతది 4 సెకన్లలో దాటేసింది. 87తో హెచ్చించి చూస్తే గంటకు 78 కిలోమీటర్లు! దాని అత్యంత నెమ్మది నడక అది. అంతకంటే తగ్గిస్తే ఆగిపోతుంది, వేలితో తోయాలి. రెండోది 22 సెకన్లు తీసుకుంది, అంటే 14 కి.మీ. మూడోది 94 సెకన్లు. గంటకు 3.3 కి.మీ., పక్కన నడిచే మనిషి దాన్ని దాటిపోతాడు.

ఇందులో ఒక అన్యాయం ఉంది. మూడోదాన్ని నడిపింది డీసీసీ మీద, అంటే పట్టాల గుండా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో. మామూలు డీసీ కంట్రోలరు పెడితే అది ఆరేడు వోల్టుల దాకా కదలనే కదలదు, కదిలాక ఒక్కసారిగా దూకుతుంది. కాబట్టి ఆ 94లో కొంత మార్కు డీకోడరుది, అంటే ఆ ఆదేశాలు చదివి మోటారును నడిపే లోపలి చిన్న బోర్డుది.

జూలై 13

పాతదాన్ని విప్పాను. బాడీకి స్క్రూలు లేవు, అటూ ఇటూ కాస్త లాగితే ఊడి వస్తుంది. లోపల దాదాపు ఖాళీ. మోటారు విడిగా ఉండదు, ఒక బోగీకే (పెట్టె కాదు, ఇంజను కింద చక్రాలుండే చట్రం) బిళ్లలా అతికించి ఉంటుంది. ఆర్మేచర్‌కు, అంటే మోటారులో తిరిగే భాగానికి, మూడే పోళ్లు (కాయిలు చుట్టే కొమ్ములు). అక్కడి నుంచి పక్క పళ్ల గేర్లతో రెండు ఇరుసులకు తిప్పుడు. జారకుండా రెండు చక్రాలకు రబ్బరు పట్టీలు. రెండో బోగీ ఊరికే దొర్లుతుంది.

నడక ఎందుకు బాగోదో మోటార్లు చుట్టేవాడికి చెప్పక్కర్లేదు. మూడు పోళ్ల ఆర్మేచర్‌ను వేలితో తిప్పితే కటక్, కటక్ మని ఒక్కో అయస్కాంతం దగ్గరా పట్టేసి వదులుతుంది. వోల్టేజి తగ్గించినప్పుడు ఆ పట్టులోంచి బయటపడే బలం దానికి ఉండదు. తర్వాత వచ్చిన మంచి మోటార్లకు ఐదు పోళ్లు, స్లాట్లు నిలువుగా కాకుండా ఏటవాలుగా ఉంటాయి. మన మోనోబ్లాక్ పంపు రోటారులో కడ్డీలు ఏటవాలుగా వేసేది కూడా ఈ పట్టు, మోత తగ్గడానికే. షాపులో ఇన్నేళ్లుగా చూస్తున్నదే, బొమ్మలో కనిపించేసరికి ముచ్చటేసింది.

రెండో జబ్బు కరెంటు అందుకోవడం. ఎనిమిది చక్రాలున్నా కుడి పట్టా కరెంటు ముందు బోగీ నుంచి, ఎడమ పట్టాది వెనక బోగీ నుంచి, వెరసి నాలుగు చక్రాలే పనిచేస్తాయి. పాయింట్ల (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోటు) మీద ప్లాస్టిక్ ముక్క తగిలిందంటే బండి అక్కడే ధర్నా.

వైద్యం:

కమ్యుటేటర్‌ను (ఆర్మేచర్‌కు బ్రష్‌ల నుంచి కరెంటు అందే రాగి ముక్కల చుట్టు) ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాను. మొబైల్ రిపేరు షాపులో చిన్న సీసా దొరుకుతుంది. సెగ్మెంట్ల మధ్య గాడిలో పేరుకున్న కార్బన్‌ను అగ్గిపుల్ల చెక్కి తీశాను. సూదితో గీకకండి, రాగి లేస్తుంది.

వెనక బోగీలో రెండో వైపు చక్రాలు కూడా కరెంటు అందుకునేలా 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను చక్రం వీపుకు తాకేటట్టు వంచి, చిన్న సర్క్యూట్ బోర్డు ముక్కకు సోల్డర్ చేశాను. తీగ మరీ గట్టిగా తాకితే బ్రేకు వేసినట్టే. చక్రాన్ని ఊదితే తిరగాలి, అంత వదులు చాలు.

బరువు కోసం విసురు వలకు కట్టే సీసపు గుళ్లు తెచ్చి బాడీలో నింపాను. ఇక్కడ అత్యాశకు పోయాను. పది నిమిషాలు తిప్పేసరికి మోటారు మీద వేలు పెట్టలేకపోయాను. సగం గుళ్లు తీసేశాక సర్దుకుంది.

ఇప్పుడు మీటరుకు 11 సెకన్లు. గంటకు 28 కి.మీ. చిల్లర. నలభై ఏళ్ల బొమ్మకు ఇది తక్కువేం కాదు. మిక్సీ చప్పుడు మాత్రం అలాగే ఉంది.

ఒకటి ఒప్పుకోవాలి. దీన్ని విప్పి బిగించడానికి అరగంట పట్టింది, పగిలింది ఏమీ లేదు. కొత్తదాన్ని అలా విప్పే ధైర్యం నాకు లేదు.

ఈ పాతదాని చక్రాల ఫ్లాంజిలు (పట్టా దిగకుండా ఆపే అంచులు) పిజ్జా కోసే చక్రంలా ఉంటాయి. 2.1 మి.మీ. ఎత్తు పట్టాల మీద పెడితే మేకుల తలలకు కొట్టుకుంటూ టకటకలాడుతుంది. అమెరికాలో 1935లో పుట్టిన ఎన్ఎంఆర్ఏ అనే మోడల్ రైళ్ల సంఘం చక్రాలకు ఆర్‌పీ-25 అని ఒక ఆకారం నిర్దేశించింది, అందులో ఫ్లాంజి లోతు 0.6 మి.మీ. చిల్లర. ఇప్పుడు చాలామటుకు ఆ తరహాయే. బొమ్మ చక్రం, మోడల్ చక్రం వేరుపడింది అక్కడే అని నా అభిప్రాయం.

జూలై 27

రెండో ఇంజను. లోపల కథే మారిపోయింది. మోటారు నడిమధ్యన, గుండ్రటి డబ్బాలో. రెండు వైపులా ఇత్తడి ఫ్లైవీలు, అక్కడి నుంచి షాఫ్టులు, స్క్రూ మరలా ఉండే వార్మ్ గేర్లు. అన్ని ఇరుసులూ తిరుగుతాయి, అన్ని చక్రాలూ కరెంటు అందుకుంటాయి. పట్టా మీద మురికి వచ్చినా ఫ్లైవీల్ ఊపు ఆ జానెడు దూరం దాటించేస్తుంది. చుట్టూ పోత ఇనుములాంటి బరువు దిమ్మ, రబ్బరు పట్టీల అవసరమే లేదు.

కానీ పది రోజులుగా టిక్, టిక్ మంటోంది. చక్రం ఒక్క చుట్టుకు ఒక్క టిక్. పాయింట్ల దగ్గర పట్టాలు కూడా తప్పుతోంది. బోగీ అడుగు మూత తీసి, సన్న తీగ జాయింట్లు చూసుకునే భూతద్దం పెడితే దొరికింది: ఇరుసు మీది తెల్ల ప్లాస్టిక్ గేరులో, రెండు పళ్ల మధ్య వెంట్రుక మందం చీలిక. ఇరుసును బిగుతుగా దూర్చిన ప్లాస్టిక్ ఏళ్ల తరబడి లాగుడుకు అలా విచ్చుకుంటుంది. చీలిన చోట పళ్ల ఎడం పెరిగి టిక్ మంటుంది, పట్టు వదిలి చక్రం పక్కకు జరుగుతుంది. రెండు చక్రాల లోపలి ఎడం 14.4 మి.మీ. ఉండాల్సింది, కాలిపర్ పెడితే 14.9 వచ్చింది. పాయింట్ల మీద దిగిపోవడం చక్రం తప్పు కాదన్నమాట.

ఇన్‌స్టంట్ గమ్ వేశాను, రెండు రోజులు ఆగింది, మళ్లీ టిక్. ఆ ప్లాస్టిక్‌కు గమ్ పట్టదు. గేర్ల సెట్టు ఆర్డరు పెట్టాను. మీ దగ్గర ఈ తరం ఇంజన్లుంటే, నడిపినా నడపకపోయినా, ఒకసారి అడుగు మూత తీసి గేర్లు చూసుకోండి.

ఆగస్టు 10

వరలక్ష్మీ వ్రతానికి హాలు ఖాళీ చేయమన్నారు. పట్టాలన్నీ అటక మీదకి, ఈరోజు మళ్లీ కిందకి. మూడు రోజుల వాన గాలికే పాత ఇత్తడి పట్టాలు నల్లబడ్డాయి. నికెల్ సిల్వరు అనే మిశ్రమ లోహంవి పర్లేదు, గుడ్డతో ఐపీఏ రాస్తే చాలు. మన తేమకు ఇత్తడి, ఉక్కు పట్టాలు కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

మూడోది ఆల్కో సెంచరీ 628, అమెరికా బండి. కావాలనే తీసుకున్నాను. అసలు బండి గుండె 251 అనే రకం 16 సిలిండర్ల డీజిల్ ఇంజను. వారణాసిలో 1964 నుంచి తయారైన మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ బండిలో ఉన్నదీ ఆ కుటుంబమే. మన బండే కొనొచ్చుగా అంటారు. హెచ్‌వోలో మన 1676 మి.మీ. బ్రాడ్ గేజికి 19.3 మి.మీ. పట్టా కావాలి. 16.5 మీద నిలబెడితే పెద్ద పొట్టకు సన్న కాళ్లలా ఉంటుంది, నా కళ్లకు అది ఆనదు.

సౌండ్ ఆన్ చేశాను. ముందు కిర్రుమని, తర్వాత దగ్గినట్టు రెండు సార్లు, ఆపైన ఆ ఎగుడుదిగుడు డుగుడుగు. వంటింట్లోంచి అమ్మ, "ఏరా, నర్సాపురం బండి ఇవాళ లేటా?" అంది. మన లైను మొత్తం కరెంటు ఇంజన్లయ్యాక ఆ చప్పుడు ఇంట్లో వినబడటం ఇదే.

ఆ 94 సెకన్ల రహస్యం డీకోడరులో ఉంది. మోటారుకిచ్చే కరెంటును సెకనుకు ఎన్నోసార్లు క్షణకాలం ఆపుతుంది. ఆ సందులో తిరుగుతున్న మోటారు తానే జనరేటరై ఎంత వోల్టేజి పుట్టిస్తుందో కొలుస్తుంది. తక్కువుంటే బండి నెమ్మదించిందని కాస్త ఎక్కువ ఇస్తుంది. మలుపొచ్చినా, ఎత్తొచ్చినా నడక మారదు. నేను మార్చిన సెట్టింగులు (డీకోడరులో వీటిని నంబర్లతో సీవీలంటారు): కదలడం మొదలెట్టే వోల్టేజి సీవీ 2 ఒకటి పెంచాను, సీవీ 3, సీవీ 4 పెంచాను. దాంతో కదలడానికీ ఆగడానికీ టైము తీసుకుంటుంది. మొదట్లో సీవీ 4 మరీ పెంచేసి, బండి ఆగక సోఫా కాలికి గుద్దింది. ముందు రెయిలింగు తీగ ఒకటి ఊడి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. వెంట్రుకలాంటి ఈ తీగలు చూడ్డానికి బాగుంటాయి, చేత్తో ఎక్కడ పట్టుకోవాలో మాత్రం తెలీదు.

లోపల కాసేపు కరెంటు దాచుకునే కెపాసిటర్ల ప్యాక్ కూడా కలిపాను. బండి మెల్లగా వెళ్తుండగా పట్టా వైరు పీకేశాను. దీపం ఆరలేదు, చప్పుడు ఆగలేదు. మరో నాలుగు సెంటీమీటర్లు జరిగి అప్పుడు ఆగింది. మేనల్లుడు నాలుగుసార్లు పీకించాడు.

పాతదానికి కూడా డీకోడరు పెట్టొచ్చు, అయితే దాని ఒక బ్రష్ నేరుగా ఛాసిస్‌కు తగిలి ఉంది. ముందు దాన్ని విడదీసి ఇన్సులేట్ చేయకపోతే డీకోడరు అక్కడికక్కడే పోతుంది. షాపులో ఇన్సులేషన్‌కు వాడే మైలార్ పేపరుంది, వచ్చే ఆదివారం ఆ పని. రెండోదాని గేర్లు ఇంకా రాలేదు.