ఇరవై ఆరు అంటే ఏ ఇరవై ఆరు?

మా అమ్మాయి కాలేజీకి తొక్కే లేడీస్ సైకిల్ వెనక ట్యూబుకు ప్యాచీల మీద ప్యాచీలు పడి, ఇక సొల్యూషన్ అంటించడానికి కూడా చోటు లేని స్థితికి వచ్చింది. కొత్త ట్యూబు నేనే కొని వేద్దామనుకున్నాను. సైకిల్ ఇరవై ఆరు సైజని ఇంట్లో అందరికీ తెలుసు కనుక, దుకాణానికి వెళ్లి "ఇరవై ఆరు ట్యూబు ఇవ్వండి" అని అడిగాను. ఆయన మరో మాట అడగకుండా ఇచ్చాడు, నేనూ డబ్బా మీద ఏమి రాసి ఉందో చూడకుండా తెచ్చుకున్నాను.

టైరులోకి దూర్చేటప్పుడే అనుమానం రావలసింది. పాత ట్యూబు చక్కగా సర్దుకున్న చోట కొత్తది లావుగా, ముడతలుగా నిలిచింది. అయినా బలవంతంగా టైరు ఎక్కించి, గాలి కొట్టడానికి కూర్చుంటే ఇంట్లో ఉన్న పంపు పట్టనే లేదు. పాతదానికి పొడుగ్గా ఉండి, లోపల చిన్న రబ్బరు తొడుగు వేసే మామూలు సైకిల్ వాల్వు ఉండగా, దీనికి మోటారు సైకిలుకు ఉండే వాల్వు ఉంది. పెట్రోలు బంకులో గాలి పట్టించుకుని వచ్చాను. మూడో రోజు సాయంత్రం అమ్మాయి సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది.

మా వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయన ట్యూబు బయటికి తీసి, అందులో మేకూ లేదు, ముల్లూ లేదు అని చూపించాడు. ముడత పడిన చోట రబ్బరు రబ్బరుతో ఒరుసుకుని చిల్లు పడింది. "సైకిల్ సైజు కాదు సార్, టైరు మీద అక్షరాలు చదవాలి" అంటూ టైరు పక్కగోడ మీది మట్టిని గుడ్డతో తుడిచాడు. అక్కడ 26 × 1⅜ అనీ, దాని పక్కన 37-590 అనీ ఉంది. నేను తెచ్చిన ట్యూబు మీద ఉన్నది 26 × 1.75–2.125. అది గేర్ల సైకిళ్ల లావు టైర్లకు వేసే ట్యూబు.

ఈ లెక్క నాకు నచ్చింది, ఇంటికి వచ్చాక కాగితం మీద వేసి చూసుకున్నాను. ఇరవై ఆరు అనేది రిమ్ము కొలత కాదు, గాలి నిండిన టైరుతో సహా చక్రం ఎత్తు సుమారుగా ఎన్ని అంగుళాలో చెప్పే పాత పేరు. టైరు సన్నదైతే ఆ ఎత్తు రావడానికి రిమ్ము పెద్దదిగా ఉండాలి, టైరు లావైతే చిన్న రిమ్ము చాలు. అందుకే మా అమ్మాయి సైకిల్లో టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు, లావు టైర్ల ఇరవై ఆరులో 559. ఈ 31 మిల్లీమీటర్ల తేడా చుట్టుకొలతలో దాదాపు పది సెంటీమీటర్లు అవుతుంది. అంతకంటే విచిత్రం, ఇరవై ఏడున్నర అని అమ్మే కొత్త సైకిళ్ల రిమ్ము 584 మాత్రమే, అంటే మా ఇరవై ఆరు కన్నా చిన్నది! మా నాన్నగారి పాత సైకిలుది 28 × 1½, దాని రిమ్ము 635. 700సీ అనే సన్న టైర్లదీ, ఇరవై తొమ్మిది అనే లావు టైర్లదీ ఒకటే, 622. అంగుళాల్లో కూడా భిన్నంలో రాసినది, దశాంశంలో రాసినది ఒకటి కాదు: 26 × 1¾ రిమ్ము 571, 26 × 1.75 రిమ్ము 559. ఈ గందరగోళంలో నమ్మదగినది 37-590 లాగా గీతకు రెండు వైపులా ఉన్న మిల్లీమీటర్ల అంకెలే. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం.

అయితే ట్యూబు రబ్బరు కనుక చుట్టుకొలతలో కొంత తేడాను సాగి సర్దుకుంటుంది. నా ట్యూబును చంపింది వెడల్పు. 1.75–2.125 అంగుళాలు, అంటే 45 నుంచి 54 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో విప్పారవలసిన ట్యూబును 37లో కుక్కితే మడత పడక ఏం చేస్తుంది? మరీ సన్నదాన్ని లావు టైరులో వేసినా నష్టమే, సాగి సాగి పలచబడి చిన్న ముల్లుకే లొంగుతుంది.

రెండోసారి రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని, పాత ట్యూబును కూడా సంచిలో వేసుకుని వెళ్లాను. వాల్వు రకం నోటితో చెప్పడం కన్నా చూపించడమే మేలని అనిపించింది. సన్న మొన ఉండే ప్రెస్టా వాల్వు ఇచ్చి ఉంటే మా రిమ్ము రంధ్రంలో వదులుగా ఆడేది. ఈసారి ట్యూబుకు ముందుగా గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే కొట్టి, కాస్త పౌడరు రాసి టైరులో పెట్టాను. ముడత లేకుండా కూర్చుంది, ఇంటి పంపు కూడా పట్టింది.

చిల్లు పడిన ఆ లావు ట్యూబుకు పెద్దాయన ఒక ప్యాచీ వేశాడు. ఎదురింటి అబ్బాయి గేర్ల సైకిల్ టైరు మీద 50-559 అని చదివిన తరువాతే దాన్ని అతనికి ఇచ్చాను.