ఏడు పోయి ఆరు వచ్చింది

మంగళవారం, రాత్రి

పొద్దున్న తొమ్మిదింటికి షాపు తీసి సిస్టమ్ ఆన్ చేస్తే విండోస్, ఉబుంటు అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఏది కావాలో రోజూ అడిగే మెనూ రాలేదు. నల్లటి తెర, మీద 'ఎర్రర్: నో సచ్ పార్టిషన్' (డిస్కులో అలాంటి భాగం లేదని), కింద 'గ్రబ్ రెస్క్యూ' అని, పక్కన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. గ్రబ్ అంటే రోజూ ఆ మెనూ చూపించే చిన్న ప్రోగ్రామ్. పదకొండింటికి పెళ్ళికూతురి మేనమామగారు శుభలేఖ ప్రూఫ్ చూసుకోవడానికి వస్తానన్నారు. ఆ ఫైలు అందులోనే ఉంది. పదేళ్ళుగా చేసిన పనంతా కూడా అందులోనే ఉంది.

నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి తెర చూసి కంగారుపడిపోయింది. "అక్కా, ఫార్మాట్ కొట్టించేద్దామా?"

"వద్దమ్మా, కాసేపు ఆగు" అన్నాను. ఆ మాట వింటేనే నాకు కడుపులో దేవినట్టుంటుంది. సిస్టమ్ లేవకపోతే అందరూ ముందు చెప్పే మందు అదే. చెడింది తలుపు దగ్గర చీటీ అయితే, ఇల్లంతా కడిగి పారబోస్తారు.

నాకు విండోస్, ఉబుంటు రెండూ కావాలి. శుభలేఖలు, కరపత్రాలు పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాను, దానికి విండోస్ ఉండాలి. ఆ ఫాంట్లలో కొట్టింది ఫోన్‌లో పేస్ట్ చేస్తే తెలుగు రాదు, పిచ్చిగీతలు వస్తాయి. అందుకని ఫోన్‌లోనూ తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్ పనులన్నిటికీ ఉబుంటు పెట్టుకున్నాను. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ మీద అది హాయిగా నడుస్తుంది.

తప్పు నిన్న రాత్రి నా చేతుల మీదుగానే జరిగింది. డీ డ్రైవ్ నిండిపోయిందని, పక్కనున్న 'ఈ' (E) డ్రైవ్‌లోవి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, 'ఈ'ని తీసేసి ఆ చోటు డీకి కలిపాను. ఉబుంటును తాకనైనా తాకలేదు. కానీ నా డిస్కును భాగాలు చేసింది ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో. అందులో ఎక్స్‌టెండెడ్ భాగంలోని డ్రైవ్‌లకు వరుసగా అయిదు, ఆరు, ఏడు అని నంబర్లు పడతాయి. నాకు డీ అయిదు, 'ఈ' ఆరు, ఉబుంటు ఏడు. మధ్యలో ఆరు తీసేస్తే ఏడోది ముందుకు జరిగి ఆరు అయిపోతుంది. మెషీన్ ఆన్ కాగానే డిస్కులోని మొదటి 512 బైట్ల నుంచి లేచే గ్రబ్‌కు మాత్రం 'మిగతా సామాను ఏడులో ఉంది' అనే గుర్తుంది. వెళ్ళి తట్టింది, ఏడు అన్నదే లేదు.

ఈ సంగతి అర్థమయ్యాక చేతుల వణుకు తగ్గింది. ఏమేం ఉన్నాయో చూపించే 'ఎల్ఎస్' అని కొట్టాను. డిస్కు, అందులోని భాగాలు బ్రాకెట్లలో వరుసగా వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అయిదు అడిగితే 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అంది. అది డీ డ్రైవ్. ఆ చిన్న గ్రబ్‌కు విండోస్ డ్రైవ్‌లు చదవడం రాదు, అంతే, అందులో సరుకు పోయినట్టు కాదు. ఆరు అడిగాను. బూట్, ఈటీసీ, హోమ్ అంటూ ఫోల్డర్ల పేర్లు బారుగా వచ్చాయి. నా ఫైళ్ళుండే ఆ 'హోమ్' అన్న మాట చూశాక గాని నా ప్రాణం కుదుటపడలేదు.

తర్వాత నాలుగు లైన్లే. సెట్ రూట్ అని ఆరో భాగం ఇచ్చాను. సెట్ ప్రిఫిక్స్ అని అందులోని బూట్‌లో ఉన్న గ్రబ్ ఫోల్డర్ చూపించాను. మామూలు మెనూ లేపడానికి ఇన్స్‌మాడ్ నార్మల్, ఆపైన నార్మల్. పాత లైను మళ్ళీ తెచ్చుకునే వీలు అక్కడ లేదు, అక్షరం తప్పితే మొత్తం కొట్టాల్సిందే. రెండుసార్లు కొట్టాను. మెనూ వచ్చేసింది. అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది.

పని అక్కడితో అయిపోలేదు. అలాగే వదిలేస్తే రేపు పొద్దున్న మళ్ళీ అదే నల్ల తెర. ఉబుంటులోకి వెళ్ళి ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, గ్రబ్‌కు కొత్త గుర్తు రాసిపెట్టే గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టాను. ఇక్కడ డిస్కు పేరు ఎస్‌డీఏ అని మాత్రమే ఇవ్వాలి, చివర భాగం అంకె పెట్టకూడదు. 'నో ఎర్రర్ రిపోర్టెడ్' అని వచ్చింది. మెనూ లిస్టు కొత్తగా తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ కూడా నడిపి, లిస్టులో విండోస్ పేరు కనిపించాక రీస్టార్ట్ చేశాను. రెండూ లేచాయి.

మేనమామగారు పదకొండు దాటాక వచ్చారు. ప్రూఫ్ రెండుసార్లు చదివి, "తాతగారి పేరు ముందు కీ.శే. పడలేదండీ" అన్నారు. అప్పటికప్పుడు సరిచేసి ఇచ్చాను. ఆయన వెళ్ళగానే పేజ్‌మేకర్ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించడానికి పెట్టాను. సాయంత్రం దాకా పట్టింది.

మూసేముందు అమ్మాయి చేత ఆ నాలుగు లైన్లూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి సీపీయూ పక్కన అంటించాను. అలవాటు కొద్దీ తను ఏడు వేసింది. కొట్టేసి ఆరు వేయించాను.