బావమరిది థార్‌కి నాలుగంగుళాల లిఫ్టు

ఈసారి సెలవుకి వైజాగ్ వచ్చి ఇంకా బ్యాగులు విప్పలేదు, మా బావమరిది తన మహీంద్రా థార్ జీపు తాళాలు నా చేతిలో పెట్టాడు. "బావా, నాలుగంగుళాలు లేపేద్దాం, 33 అంగుళాల టైర్లు వేసేద్దాం. నువ్వున్నావు కదా, ఏటి టెన్షన్?"

నిజమే, షార్జాలో పదకొండేళ్లుగా నేను చేసేది ఆ పనే. నా రెండేళ్ల జీతం పెట్టినా రాని బండ్లని రోజూ పైకి లేపుతుంటాను. నాకు మాత్రం గాజువాకలో పాత స్కూటర్ ఒకటి ఉంది, అదీ మా ఆవిడ వాడుతోంది.

వాడిని బండి వెనక కూర్చోబెట్టి కింద యాక్సిల్ మధ్యలో ఉబ్బి ఉన్న డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బా చూపించాను. రాయి తగిలేది ముందు దానికే. స్ప్రింగులు మార్చి ఎంత లేపినా పైకెళ్లేది బాడీయే, ఆ ఉబ్బు ఉన్నచోటే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెరగాలి, పెరిగినదాంట్లో కూడా సగమే లెక్క, యాక్సిల్ ఉండేది చక్రం మధ్యలో కదా. వాడి బండికి ఉన్నవి 255/65 R18, అంటే ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు. వాడు అడిగిన 33 అంటే 285/65 R18, దాదాపు 828. తేడా 39, అందులో సగం, అంటే రెండు సెంటీమీటర్లు కూడా లేదు!

"మరి లిఫ్టు ఎందుకేస్తారు బావా?" అన్నాడు. పెద్ద టైరుకి చోటు కావాలి, గట్టు ఎక్కేటప్పుడు బంపరు, దిగేటప్పుడు బండి పొట్ట నేలకి తగలకూడదు, అందుకు. అందుకే ముందు ఎక్కడ తిప్పుతావో చూసుకుని టైరు ఎంచుకోవాలి, ఆ టైరుకి ఎంత అవసరమో అంతే లేపాలి. మా దగ్గర పాత నిస్సాన్ పట్రోల్‌కి 285/75 R16 వేస్తే రెండంగుళాలతో సరిపెడతాం. ఇసుకలో ఎలాగూ పని చేసేది లిఫ్టు కాదు, టైర్లో గాలి 15 పీఎస్ఐకి దించడం.

ఇదంతా నాకేమీ పుట్టుకతో రాలేదు. వెళ్లిన కొత్తలో ఒక బండికి లిఫ్టు, టైర్లు వేసి, నేల మీద నిలబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తగలట్లేదని ఇచ్చేశాను. మూడో రోజుకి తిరిగొచ్చింది, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ పీలికలై వేలాడుతూ. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి, స్టీరింగు కూడా చివరిదాకా తిరిగినప్పుడు టైరు ఎక్కడ తగులుతుందో చూడాలని అప్పుడు తెలిసింది. ఆ డబ్బులు జీతంలో కోశారు. ఆ నెల అమ్మకి మాత్రం దిర్హామ్ రేటు బాగా పడిపోయిందని చెప్పాను.

పైగా థార్‌కి ముందు చక్రాలు రెండూ విడివిడిగా కదిలే రకం. ఎక్కువ లేపితే చక్రానికి వెళ్లే షాఫ్టులు వంకరగా తిరిగి వాటి మీది రబ్బరు తొడుగులు చిరుగుతాయి. ఆ పెద్ద టైర్లతో స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 84లో పోతుంది. ఎత్తు పెరిగిన బండి అనంతగిరి మలుపుల్లో పక్కకి ఒరుగుతుంది, పెద్ద టైరుతో ఘాట్ ఎక్కడానికి ఇంజను ఆయాసపడుతుంది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, రేపు యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు వాళ్లు దాన్నే పట్టుకుంటారు.

వాడికి ఇవేవీ ఎక్కలేదు. కావాలంటే ఎర్రమట్టి దిబ్బల మీద టెస్టు చేద్దాం అన్నాడు, దానికి నాలుగు తిట్టాను. భూగర్భ వారసత్వ స్థలం అది, టైర్లు ఆడించుకునే చోటా?

ఇంతలో మా అత్తయ్య పాడేరు పెళ్లికి బయల్దేరి థార్ దగ్గరికొచ్చి, మోకాలు పట్టుకుని, "నాయనా, ఇప్పుడే ఎక్కలేకపోతున్నాను, ఇంకా లేపుతారా?" అంది.

నేను తిరిగెళ్లిన నెలకి ఫోటో పంపాడు. 265/65 ఆల్ టెర్రెయిన్ టైర్లు, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేవి, లిఫ్టు లేదు. అప్పుడు నేనొక పట్రోల్ కింద పడుకుని ఉన్నాను, చేతుల నిండా గ్రీజు. ఫోను పక్కవాడు పట్టుకుంటే చూశాను.