స్ప్రే బొట్ల సైజు: లేజర్ అంకెను నమ్మడానికి పట్టిన సెమిస్టరు

అనంతపురంలో నా ఎంటెక్ ప్రాజెక్టు చీనీ తోటల్లో మందు కొట్టే నాజిళ్ల మీద. బొట్టు 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) లోపుంటే గాలికి కొట్టుకుపోతుంది, మరీ పెద్దదైతే ఆకు మీద నిలవదు. "మందు మా చెట్టు మీద పడాల, పక్క చేన్లో కాదు" అని మా పెదనాయన ఎప్పుడూ అంటాడు. అందుకే నాకు కావలసిన కొలత బొట్టు సైజు.

స్ప్రే గుండా లేజర్ పంపి, కాంతి చెదిరిన తీరును బట్టి బొట్ల సైజు చెప్పే లేజర్ డిఫ్రాక్షన్ మిషన్ మీద మొదటి రీడింగు నిమిషంలో వచ్చింది. అది నిజమా కాదా తేల్చుకోవడానికే సెమిస్టరంతా పట్టింది.

చిన్న బొట్టు కాంతిని వెడల్పు కోణంలో చెదరగొడుతుంది, పెద్దది ఇరుకు కోణంలో. మిషన్ లెక్కంతా దీనిమీదే. స్ప్రే దట్టమైతే ఒక బొట్టు నుంచి వచ్చిన కాంతి ఇంకో బొట్టుకు తగిలి మళ్లీ చెదురుతుంది, కోణం పెరుగుతుంది, బొట్లు ఉన్నవాటికంటే చిన్నవిగా తేలతాయి. అందుకే లేజర్‌ను స్ప్రే ఎంత శాతం అడ్డుకుందో ప్రతిసారీ రాసుకునేదాన్ని.

ల్యాబ్ అన్న ఒకటే చెప్పేవాడు: "నీళ్లు వదిలే ముందు ఖాళీ రీడింగు, అంటే బ్యాక్‌గ్రౌండ్ తీసుకో పాపా, ఆపినాక మళ్లీ చూడు. రెండూ కలవకపోతే లెన్సు మీద తుంపర పడినట్టే." వంగి చూస్తే నిజంగానే గాజు అంచున సన్నని తేమ కనిపించేది. తుడిచి, ఆ రీడింగు కొట్టేసి, మళ్లీ మొదలు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం వేగం. నాజిల్ దాటగానే చిన్న బొట్లు గాలిలో త్వరగా నెమ్మదిస్తాయి, లేజర్ దారిలో ఎక్కువసేపు ఉంటాయి. ఒక క్షణంలో ఆ దారిలో ఏముంటే మిషన్ దాన్నే కొలుస్తుంది కాబట్టి వాటి వాటా పెరిగిపోతుంది. చిన్న బొట్లు వెనకబడకుండా స్ప్రేతోపాటే ఫ్యాన్‌తో గాలి పంపితే, అదే నాజిల్, అదే 3 బార్ ప్రెషర్, సగటు సైజు పెద్దదైంది! ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

నేను వాడిన రెండో మిషన్ ఫేజ్ డాప్లర్, దాని దారి వేరు. రెండు లేజర్లు కలిసేచోటు దాటే బొట్లను ఒక్కొక్కటిగా పట్టి సైజు, వేగం రెండూ చెబుతుంది, కాకపోతే బొట్టు గుండ్రంగా ఉండాలి. దాని అంకె డిఫ్రాక్షన్‌తో కలవలేదు. కొలిచే పద్ధతే వేరైనప్పుడు కలవాలని పట్టుబట్టడం సరికాదని నా అభిప్రాయం.

"ఏది రాస్తావమ్మా?" అని గైడ్ మేడమ్ అడిగారు. రెండూ రాశాను. ప్రతి అంకె పక్కన నాజిల్ నుంచి దూరం, ప్రెషర్, గాలి వేగం, అడ్డుకున్న శాతం కూడా పెట్టాను.