చారన్నం చివర్లో పెట్టండి

రెండు మూడేళ్లు వచ్చినా మిక్సీలో తిప్పిన అన్నం తప్ప ఏదీ మింగని పిల్లలున్న ఇంట్లో ముందుగా చేసే పని, మిక్సీ ఆపేసి చారన్నం పెట్టడం. పల్చగా ఉంది కదా, అదే జారిపోతుందిలే అనుకుంటారు. నిజానికి అంతకంటే కష్టమైన ముద్ద లేదు. అందులో నీళ్లు వేరు, మెతుకులు వేరు. చారు ముందే గొంతులోకి జారుతుంది, మెతుకులు మాత్రం నమిలేదాకా నోట్లో ఆగాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేతకాని నాలుక మెతుకుల్ని కూడా చారుతోపాటే వెనక్కి వదిలేస్తుంది. పిల్లాడు ఓకరిస్తాడు, లేదా పొలమారుతుంది. మర్నాటికి మిక్సీ మళ్లీ వంటగట్టు మీదికొస్తుంది. పాలల్లో తేలే కార్న్‌ఫ్లేక్స్, పల్చటి మజ్జిగన్నం, సాంబార్లో మునిగిన ఇడ్లీ ముక్కలూ ఈ కోవలోవే.

మిక్సీ మానిపించే ముందు నీళ్లు తగ్గించాలి. పప్పన్నాన్ని రోజు రోజుకీ కాస్త చిక్కబరుస్తూ పోండి. చెంచా పక్కకి వంచితే ధారగా కారకుండా ఒకే ముద్దగా జారిపడాలి. అది అలవాటయ్యాక మిక్సీ బదులు పప్పుగుత్తి, ఆ తర్వాత చేత్తో మెదపడం. తాగేవాటి చిక్కదనాన్ని, తినేవాటి మెత్తదనాన్ని 0 నుంచి 7 దాకా మెట్లుగా కొలిచే ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో పిల్లలకు మెదిపిన అన్నంలో పలుకు 2 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు, మెత్తటి ముక్కలైతే 8 మిల్లీమీటర్లు. ముక్క మెత్తనో కాదో తేల్చడానికి ఫోర్కుతో బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కండి. ముక్క నలగాలి, ఫోర్కు తీశాక మళ్లీ పాత ఆకారానికి రాకూడదు. మెత్తటి గుజ్జులో అక్కడక్కడా గట్టి మెతుకులు వేసి ‘అలవాటు చేస్తున్నాం’ అనడం చారన్నం పొరపాటే, వేషం వేరు.

నమలడం నేర్పేది మాత్రం గిన్నెలో అన్నంతో కాదు, విడి ముక్కతో. బెంగళూరులో ఉన్నవాళ్లకు పళ్లెంలా వెడల్పుగా ఉండే తట్టె ఇడ్లీ చేతికందే సాధనం. వేడి తగ్గాక మీ చూపుడువేలంత పొడవు, వేలంత మందం ఉండేలా కోయండి. ఒక కొస మీరు పట్టుకుని, రెండో కొసను నోటి మధ్యలోంచి కాకుండా పక్కనుంచి దవడపళ్ల మధ్య పెట్టండి. కొరికేదాకా ఆగండి, మీరు లాగొద్దు. నాలుక మధ్యలో పెడితే దాన్ని అంగిలికేసి నొక్కి చప్పరించి మింగేస్తారు. పక్కన పెడితే ముక్కను వెతుక్కుంటూ నాలుక అటు తిరుగుతుంది. నమలడంలో అసలు విద్య ఆ తిరగడమే. కుడివైపు ఐదు, ఎడమవైపు ఐదు కొరుకుళ్లు, అదీ భోజనానికి ముందు. తర్వాత ఎప్పుడూ తినే అన్నమే పెట్టండి. కడుపు నింపే పని, నేర్పే పని ఒకే పళ్లెంలో కలపొద్దు. నిన్నటి ఇడ్లీ వద్దు, పొడిపొడిగా రాలి నోరంతా పరుచుకుంటుంది.

బలమని రాగి ముద్ద పెట్టేవాళ్లకు ఒక మాట. ఇక్కడ కర్ణాటకలో ముద్దను నమలరు, సారులో (మన చారులాంటిదే) ముంచి మింగుతారు. మన సంగటీ అంతే. రాగి మంచిదే, కానీ నమలడం నేర్వని పిల్లకి జిగురు ఉండ మింగించడం ప్రమాదం. జావ కాచి ఇవ్వండి.

చెంచా లోతు తక్కువుండాలి, సగమే నింపాలి. నాలుక మీద తేలిగ్గా ఆనించి, పైపెదవి దానంతటది దిగేదాకా ఆగి, తిన్నగా వెనక్కి తీయాలి. పైపళ్లకి గీసి రాలిస్తే పెదవికి పనే ఉండదు. కాళ్లు గాలిలో వేలాడకుండా కింద పీట వేయండి. కూర్చోబెట్టింది మొదలు అరగంట దాటితే పళ్లెం తీసేయడమే. ఏడాది దాటాక పాలు రోజుకి అర లీటరు మించితే ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ కూడా తగ్గుతుంది. ఫోన్ చూపిస్తే నోరు తెరుచుకుంటుంది గానీ దవడ ఆడదు.

ఓకరింత చూసి హడలిపోకండి. నాలుక ముందుకొచ్చి, కళ్లనీళ్లు తిరిగి, చప్పుడు వస్తోందంటే శరీరం తనని తాను కాపాడుకుంటోంది. వేలు పెట్టకుండా ఆగండి. భయపడాల్సింది చప్పుడు లేనప్పుడు: ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలమవుతాయి. అది గొంతుకి అడ్డం పడటం. వీపు మీద దెబ్బలు వేసే ప్రథమ చికిత్స ముందే నేర్చుకుని ఉండాలి. పల్లీలు, శనగలు, గుండ్రటి ద్రాక్ష ఈ పిల్లలకు అసలొద్దు.

తిన్నాక, తాగాక గొంతు తడితడిగా గురగురమంటున్నా, నీళ్లు తాగిన ప్రతిసారీ దగ్గు వస్తున్నా, ఛాతీ ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తున్నా, బరువు ఆగిపోయినా ఇంటి సాధన ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మింగడాన్ని ఎక్స్‌రే కదిలే బొమ్మగా చూసే పరీక్ష అవసరం కావచ్చు, ఎందుకంటే దగ్గు లేకుండానే తిన్నదీ తాగినదీ ఊపిరితిత్తుల్లోకి పోయే పిల్లలుంటారు. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కడుపు ఖాళీ కానిదే ఆకలెక్కడిది?

ఇక ఈలలు, బుడగలు ఊదిస్తే మాటలొచ్చేస్తాయన్న ప్యాకేజీలకు డబ్బు పోయకండి. మాట మాట్లాడిస్తేనే వస్తుంది, నమలడం నమిలిస్తేనే వస్తుంది. మాటలతోపాటు నమలడం, మింగడం కూడా నేర్పే స్పీచ్ థెరపిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వెళ్లేటప్పుడు మీ పిల్ల తినేది ఒక డబ్బాలో, వద్దనేది ఇంకో డబ్బాలో, ఇంట్లో వాడే చెంచా, ఇంట్లో తింటుండగా పక్కనుంచి తీసిన నిమిషం వీడియో పట్టుకెళ్లండి. బెంగళూరులో థెరపిస్ట్ కన్నడంలో కచ్చు, అగి, నుంగు అంటుంటే తెలుగింటి పిల్ల తెల్లమొహం వేస్తుంది. కొరుకు, నములు, మింగు అనే మూడు మాటలు ముందే రాసివ్వండి.