డ్రిల్‌లో పాసైన క్లస్టర్ కరెంటు పోతే ఎందుకు పడింది: కోరం, విట్‌నెస్ లెక్కలు

డీఆర్ (డిజాస్టర్ రికవరీ, అంటే ప్రైమరీ సైట్ పోతే ఇంకో సైట్ నుంచి నడిపించడం) డ్రిల్ రిపోర్ట్ చూస్తే అన్నీ పచ్చ టిక్కులే. ప్రైమరీ సైట్ ఆపారు, డీఆర్ సైట్‌లో అప్లికేషన్ లేచింది, యూజర్లు లాగిన్ అయ్యారు, మేనేజర్ సంతకం పెట్టేశాడు. అదే క్లస్టర్ (ఒకటిగా కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, ఒక్కో సర్వర్‌ని నోడ్ అంటారు), నిజంగా ప్రైమరీ డేటాసెంటర్‌లో కరెంటు పోయిన రోజు మాత్రం డీఆర్‌లో నిక్షేపంగా ఉన్న రెండు నోడ్లూ కూడా క్లస్టర్ సర్వీస్ ఆపేసుకుని కూర్చున్నాయి. సర్వర్లు బాగున్నాయి, పింగ్ వస్తోంది, డిస్కులు బాగున్నాయి, కానీ డేటాబేస్ లేదు. ఎవరిదో ఏంటో పేర్లు అడక్కండి, ఇలాంటివి నాకు తెలిసి చాలాచోట్ల ఉన్నాయి, బయటపడలేదంతే.

సెటప్ చెప్తా. విండోస్ సర్వర్ 2016, ప్రైమరీ హైదరాబాద్‌లో రెండు నోడ్లు, డీఆర్ చెన్నైలో రెండు నోడ్లు, వాటి మీద సీక్వెల్ ఆల్వేస్ ఆన్, అంటే డేటాబేస్ కాపీలని (రెప్లికాలు) వేరే నోడ్ల మీద కూడా ఉంచే ఏర్పాటు. నోడ్లు నాలుగు, సరి సంఖ్య, అందుకని ఎవరో ఫైల్ షేర్ విట్‌నెస్ (నోడ్ కాకపోయినా ఒక ఓటు ఉండే షేర్డ్ ఫోల్డర్) పెట్టారు, అంతవరకు మంచి పనే. ఆ షేర్ ఎక్కడుందయ్యా అంటే హైదరాబాద్‌లోనే, అదే డేటాసెంటర్‌లో ఉన్న ఫైల్ సర్వర్ మీద. ఇప్పుడు ఓట్లు లెక్కపెట్టండి. నోడ్‌కి ఒకటి చొప్పున 4, విట్‌నెస్‌ది 1, మొత్తం 5. సగానికి పైన ఉండాలి కాబట్టి మెజారిటీ అంటే 3, దీన్నే కోరం అంటారు, ఇది లేకపోతే క్లస్టర్ ఆగిపోతుంది. హైదరాబాద్ చేతిలో 3, చెన్నై చేతిలో 2. అంటే హైదరాబాద్ మొత్తం ఒకేసారి పోతే చెన్నై ఎప్పటికీ నిలబడలేదు, ఇది డిజైన్ చేసిన రోజే రాసిపెట్టి ఉంది.

మరి డ్రిల్‌లో ఎలా నిలబడింది? దీని గురించే ఈ పోస్ట్.

డ్రిల్ రోజు మనవాళ్ళు ఏం చేస్తారు, డీబీఏ (డేటాబేస్ చూసుకునే మనిషి) ముందు చెన్నై రెప్లికాని సింక్రనస్‌కి (ప్రతి మార్పూ అక్కడ కూడా రాశాకే ముందుకెళ్ళే పద్ధతి) మార్చి బుద్ధిగా ప్లాన్డ్ ఫెయిలోవర్ చేస్తాడు, అంటే పనిని చెన్నైకి అప్పగిస్తాడు, తర్వాత హైదరాబాద్ మొదటి నోడ్ షట్‌డౌన్, కాసేపు ఆగి రెండో నోడ్ షట్‌డౌన్, చివర్లో ఎవరికైనా గుర్తొస్తే ఫైల్ సర్వర్ కూడా. ఇక్కడ డైనమిక్ కోరం పని చేస్తుంది. విండోస్ సర్వర్ 2012లో వచ్చింది ఇది, అంతకుముందు ఓట్లు అంటే పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఇప్పుడు ఒక నోడ్ వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళకి ఇంకా మెజారిటీ ఉంటే, క్లస్టర్ ఆ వెళ్ళిపోయిన నోడ్ ఓటు తీసేసి మొత్తాన్ని మళ్ళీ లెక్కేసుకుంటుంది. 2012 ఆర్2 నుంచి విట్‌నెస్ ఓటు కూడా అలాగే మారుతుంది, నోడ్ల ఓట్లు బేసి అయితే విట్‌నెస్‌కి 0, సరి అయితే 1.

సో మొదటి నోడ్ ఆపగానే మూడు నోడ్లు మిగిలాయి, విట్‌నెస్ ఓటు 0 అయింది, మొత్తం 3. రెండోది ఆపగానే చెన్నైవి రెండే మిగిలాయి, విట్‌నెస్ ఓటు మళ్ళీ 1, మొత్తం 3, అందులో చెన్నై చేతిలో 2. ఫైల్ సర్వర్ ఆపినా ఇంకా 3కి 2 ఉన్నాయి కాబట్టి బతికే ఉంది, తర్వాత విట్‌నెస్ ఓటు కూడా లెక్కలోంచి పోతుంది. మెట్టు మెట్టుకీ క్లస్టర్‌కి సర్దుకునే టైం మనమే ఇచ్చాం అన్నమాట. అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక్కొక్కరే వెళ్ళొస్తానని చెప్పి లేస్తుంటే రిజిస్టర్‌లో కొట్టేసుకుంటూ మీటింగ్ నడపడం లాంటిది. కరెంటు పోయినప్పుడు అలా ఉండదు, 3 ఓట్లు ఒక్క క్షణంలో మాయం. చెన్నై నోడ్లు హార్ట్‌బీట్ (బతికే ఉన్నా అని నోడ్లు ఒకదానికొకటి పంపుకునే సిగ్నల్) కోసం చూస్తాయి, సెకనుకి ఒకటి, 2016లో వేరే సబ్‌నెట్ అయితే డిఫాల్ట్‌గా 20 మిస్ అయ్యేదాకా ఆగుతాయి, తర్వాత ఈవెంట్ లాగ్‌లో 1135 నంబరు ఈవెంట్ రెండుసార్లు పడుతుంది, ఫలానా నోడ్ మెంబర్‌షిప్ నుంచి పోయిందని. దాని వెనకాలే 1177, కోరం పోయింది, క్లస్టర్ సర్వీస్ ఆగిపోతోందని. 5లో 2 పట్టుకుని ఓట్లు మళ్ళీ లెక్కేసే అధికారం దానికి లేదు. ఎందుకంటే లెక్క మార్చాలంటే ఆ మార్చే క్షణానికి మెజారిటీ చేతిలో ఉండాలి.

ఇది చూసి ఒక కుర్రాడు నన్నడిగాడు, అన్నా, రెండు నోడ్లు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు ఆగడం, పిచ్చి సాఫ్ట్‌వేర్ కాకపోతే అని. పిచ్చి కాదు నాయనా. చెన్నై వైపు నుంచి చూస్తే హైదరాబాద్‌లో కరెంటు పోవడం, మధ్యలో లింక్ తెగడం రెండూ ఒకేలా కనబడతాయి, హార్ట్‌బీట్ రావట్లేదు, అంతే తెలుసు. లింక్ తెగిన కేసులో హైదరాబాద్ హాయిగా నడుస్తూ ఉంటుంది, చెన్నై కూడా నేనే ప్రైమరీ అని లేస్తే రెండు చోట్లా వేరే వేరే లావాదేవీలు పడతాయి, దాన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, షేర్డ్ డిస్క్ ఉన్న క్లస్టర్ అయితే ఇంకా ఘోరం, ఒకే వాల్యూమ్ మీద ఇద్దరూ రాసి పాడుచేస్తారు. ఒక గంట డౌన్‌టైం అయితే సారీ మెయిల్‌తో పోతుంది, రెండు వైపులా రాసేసిన డేటాని కలపడానికి మాత్రం ఎవరూ దొరకరు. కాబట్టి అనుమానం వస్తే ఆగిపోవడమే దాని డ్యూటీ.

సరే, అయితే ఏం చేయాలి? ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి: హైదరాబాద్ పోతే చెన్నై దానంతట అదే లేవాలా, లేక మనిషి చూసి లేపాలా? చాలామంది దానంతట అదే లేవాలి అని గట్టిగా చెప్తారు, తీరా చూస్తే ఆల్వేస్ ఆన్‌లో చెన్నై రెప్లికా అసింక్రనస్‌లో (చెన్నైలో రాసేదాకా ఆగని పద్ధతి) ఉంటుంది. అసింక్రనస్ రెప్లికాకి ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఉండనే ఉండదు, డేటా కొంత పోయినా పర్లేదు అని మనిషే ఫోర్స్ చేయాలి. ఎలాగూ మనిషి రావాల్సిందే అయినప్పుడు చెన్నైకి ఓట్లు ఎందుకు ఇచ్చినట్టు? నా అభిప్రాయం ఏంటంటే ఇలాంటి చోట చెన్నై నోడ్లకి నోడ్‌వెయిట్ (నోడ్‌కి మనం ఇచ్చే ఓటు) 0 పెట్టేయడమే మంచిది. అప్పుడు హైదరాబాద్ నోడ్లు 2, విట్‌నెస్ 1, మొత్తం 3, లింక్ తెగినా చెన్నైలో ఎవరో ప్యాచ్ చేసి రీబూట్ చేసినా ప్రొడక్షన్ వైపు చీమ కూడా కదలదు. విట్‌నెస్ హైదరాబాద్‌లో ఉన్నా ఈ డిజైన్‌లో తప్పు లేదు, కాకపోతే ఆ నోడ్లున్న రాక్‌లో, అదే స్టోరేజ్ మీద ఉండకూడదు.

ఈ డిజైన్‌లో డిజాస్టర్ వచ్చిన రోజు చేయాల్సింది ముందే రాసి ప్రింట్ తీసి పెట్టుకోవాలి. చెన్నైలో ఒకే ఒక్క నోడ్ మీద స్టార్ట్-క్లస్టర్‌నోడ్ కమాండ్‌ని ఫిక్స్‌కోరం స్విచ్‌తో (మెజారిటీ లేకపోయినా బలవంతంగా లేపేది) కొట్టాలి, అది పైకి వచ్చాక రెండోదాన్ని మామూలుగా స్టార్ట్ చేయాలి. రెండింటి మీదా ఫిక్స్‌కోరం కొట్టకండి, కంగారులో జరిగేది సరిగ్గా ఇదే. తర్వాత చెన్నై నోడ్లకి నోడ్‌వెయిట్ 1, హైదరాబాద్‌వాటికి 0. ఆ తర్వాత ఆల్వేస్ ఆన్ గ్రూప్‌ని విడిగా ఫోర్స్ ఫెయిలోవర్ చేయాలి, క్లస్టర్ లేచినంత మాత్రాన డేటాబేస్ లేవదు, రిజాల్వింగ్ అని చూపిస్తూ ఉంటుంది. ఇంకోటి, ఇదంతా చేసేముందు హైదరాబాద్ నిజంగా పడుకుందా లేక లింక్ మాత్రమే పోయిందా అని అక్కడి మనిషికి ఫోన్ చేసి కనుక్కోవాలి, ఎందుకంటే ఫోర్స్ కోరం అంటే క్లస్టర్ చేసే జాగ్రత్తని మనం పక్కన పెట్టేసి బాధ్యత మన నెత్తిన వేసుకుంటున్నాం.

లేదు, రెండు సైట్ల మధ్య సింక్రనస్ ఉంది, ఆటోమేటిక్‌గానే లేవాలి అంటే విట్‌నెస్ మూడో చోట ఉండాల్సిందే, దీనికి వేరే దారి లేదు. మూడో చోటు అంటే ఇంకో ఆఫీసులో చిన్న ఫైల్ సర్వర్ అయినా సరే, రెండు సైట్లనుంచీ విడివిడి లింకులు ఉండాలి, చెన్నై నుంచి వెళ్ళే దారి హైదరాబాద్ మీదుగా ఉంటే మళ్ళీ మొదటికే వస్తుంది. అలాంటి చోటు లేకపోతే క్లౌడ్ విట్‌నెస్, విండోస్ సర్వర్ 2016 నుంచి ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో ఒక స్టాండర్డ్ స్టోరేజ్ అకౌంట్ చాలు, ప్రీమియం పనికిరాదు, రెప్లికేషన్ ఎల్ఆర్ఎస్ (కాపీలన్నీ ఒకే చోట ఉంచేది) పెట్టుకోవాలి, అందులో చిన్న బ్లాబ్ (ఫైల్ లాంటిది) ఒకటి రాసుకుంటుంది, బిల్లు గురించి ఆలోచించక్కర్లేదు. రీజియన్ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అజూర్ సౌత్ ఇండియా అంటే చెన్నై, మీ డీఆర్ ఉన్నది కూడా చెన్నై. పేరు చూసి దగ్గర కదా అని అదే పెట్టినవాళ్ళని చూశా. పుణెలో ఉన్న సెంట్రల్ ఇండియా పెట్టుకుంటే ఒకే ఊరి కష్టానికి సైటూ విట్‌నెస్సూ రెండూ పోకుండా ఉంటాయి.

క్లౌడ్ విట్‌నెస్‌తో రెండు తలనొప్పులున్నాయి. నోడ్ల నుంచి బయటికి 443 పోర్ట్ తెరవాలి, ఫైర్‌వాల్ టీమ్ ఒక నోడ్‌కి తెరిచి టికెట్ క్లోజ్ చేస్తారు, విట్‌నెస్ ఆ నోడ్ మీద ఉన్నన్నాళ్ళూ ఆన్‌లైన్‌లోనే కనబడుతుంది, ఎప్పుడో వేరే నోడ్‌కి మారిన రోజు ఫెయిల్ అవుతుంది. అందుకే నాలుగు నోడ్ల నుంచీ టెస్ట్ చేయండి. రెండోది యాక్సెస్ కీ. సెక్యూరిటీ వాళ్ళు పద్ధతి ప్రకారం కీలు మారుస్తుంటారు, ప్రైమరీ కీ రీజనరేట్ చేశారంటే విట్‌నెస్ దగ్గరున్న టోకెన్ చెల్లదు. ముందు క్లస్టర్‌లో సెకండరీ కీ ఇచ్చి, ఆ తర్వాతే ప్రైమరీ మార్చాలి. ఇది చేయకపోతే వెంటనే ఏమీ అవ్వదు, అదే ప్రమాదం, నోడ్లన్నీ బాగున్నంతకాలం విట్‌నెస్ చచ్చిపోయి ఉన్నా అప్లికేషన్‌కి తెలియదు, మానిటరింగ్‌లో ఆ రిసోర్స్ మీద అలర్ట్ పెట్టినవాళ్ళు తక్కువ.

ఫైల్ షేర్ విట్‌నెస్ దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది పర్మిషన్ల దగ్గర. ఫుల్ కంట్రోల్ ఇవ్వాల్సింది మీ అకౌంట్‌కి కాదు, నోడ్లకీ కాదు, క్లస్టర్ పేరుతో యాక్టివ్ డైరెక్టరీలో ఉండే కంప్యూటర్ ఆబ్జెక్ట్‌కి, అదీ షేర్ పర్మిషన్‌లో, ఎన్‌టీఎఫ్ఎస్ (డిస్క్ మీది ఫోల్డర్) పర్మిషన్‌లో రెండు చోట్లా. వెతికే డబ్బాలో క్లస్టర్ పేరు కొడితే దొరకలేదు అంటుంది, ఆబ్జెక్ట్ టైప్స్ బటన్ నొక్కి కంప్యూటర్స్ ముందు టిక్ పెడితేనే దొరుకుతుంది. సరిగ్గా కుదిరిందంటే ఆ షేర్‌లో పొడుగాటి జీయూఐడీ (అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తింపు) పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో విట్‌నెస్ లాగ్ అనే ఫైల్ కనిపిస్తాయి. ఆ ఫైల్ మీద ఎవరు లాక్ పట్టుకుంటే వాళ్ళదే ఓటు. కుదరకపోతే ఈవెంట్ లాగ్‌లో 1564 పడుతుంది. ఇదేదో తెలియని ఫోల్డర్ అని క్లీనప్‌లో డిలీట్ చేసే మహానుభావులుంటారు, షేర్ పేరులోనే ముట్టుకోవద్దని రాయండి. అలాగే విట్‌నెస్ సర్వర్‌ని నోడ్లతో పాటు ఒకే ప్యాచింగ్ గ్రూప్‌లో పెట్టకండి, ఒకే రాత్రి అన్నీ రీబూట్ అయితే ఓట్లు ఎన్నున్నా దండగ. అదే క్లస్టర్ మీద నడిచే వీఎం (వర్చువల్ మెషిన్)లో ఆ క్లస్టర్ విట్‌నెస్ పెట్టడం గురించి నేను ఏమీ అనను.

డిస్క్ విట్‌నెస్ (షేర్డ్ డిస్కునే విట్‌నెస్‌గా పెట్టడం) ఒకే సైట్, షేర్డ్ స్టోరేజ్ ఉన్న క్లస్టర్లకి నాకు ఇప్పటికీ ఇష్టం. 512 ఎంబీ దాటిన చిన్న లన్ (స్టోరేజ్ నుంచి ఇచ్చే డిస్క్ ముక్క) చాలు, డ్రైవ్ లెటర్ అక్కర్లేదు. దీని ప్లస్ పాయింట్ ఏంటంటే క్లస్టర్ డేటాబేస్ కాపీ అందులోనే ఉంటుంది, ఫైల్ షేర్‌లో గానీ క్లౌడ్‌లో గానీ ఆ కాపీ ఉండదు, ఎవరి కాన్ఫిగరేషన్ కొత్తదో చెప్పే ముద్ర మాత్రమే ఉంటుంది. అందుకే పాత కాన్ఫిగరేషన్ ఉన్న నోడ్ ఒక్కటే లేచి క్లస్టర్ స్టార్ట్ చేయబోతే వాటితో కుదరదు, డిస్క్ ఉంటే దాన్నుంచి కొత్తది తీసుకుని లేస్తుంది. స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌లో (నోడ్ల సొంత డిస్కులనే కలిపి వాడే పద్ధతి) మాత్రం డిస్క్ విట్‌నెస్ సపోర్ట్ లేదు.

రెండు నోడ్లు, విట్‌నెస్ లేదు, డైనమిక్ కోరం చూసుకుంటుందిలే అనే బ్యాచ్ కోసం ఒక ముక్క: ఆ పరిస్థితిలో క్లస్టర్ ఒక నోడ్ ఓటు తీసేసి ఒక్కదాని దగ్గరే ఉంచుతుంది. షట్‌డౌన్ చేస్తే ఓటు రెండోదానికి ఇచ్చి పోతుంది కాబట్టి టెస్ట్ పాస్. ఓటున్న నోడ్ టపీమని క్రాష్ అయితే రెండోది కూడా ఆగిపోతుంది. ఓటు ఎవరి దగ్గరుందో ఆ రోజు మీ అదృష్టం.

ఇప్పుడు మీ క్లస్టర్‌లో ఏముందో చూడాలంటే పవర్‌షెల్‌లో గెట్-క్లస్టర్‌నోడ్ కొట్టి నేమ్, నోడ్‌వెయిట్, డైనమిక్‌వెయిట్ కాలమ్స్ చూడండి. నోడ్‌వెయిట్ మనం ఇచ్చింది, డైనమిక్‌వెయిట్ ఈ క్షణంలో నిజంగా ఉన్నది. గెట్-క్లస్టర్‌లో విట్‌నెస్‌డైనమిక్‌వెయిట్ అని ఇంకోటి ఉంటుంది. నోడ్ ఓట్లు సరి సంఖ్యలో ఉండి కూడా అది 0 అని చూపిస్తుంటే విట్‌నెస్ ఆన్‌లైన్‌లో లేదేమో వెంటనే చూడండి.

డ్రిల్ మాత్రం ఇకనుంచి వేరేలా చేయండి. ప్రొడక్షన్‌లో ధైర్యం చాలకపోతే హైపర్-వీ ల్యాబ్‌లో అదే బొమ్మ కట్టండి, నాలుగు నోడ్లు, విట్‌నెస్ ఎక్కడుందో అక్కడే. హైదరాబాద్ సైట్‌లో ఉన్న వీఎంలన్నీ, అక్కడే ఉంటే విట్‌నెస్ సర్వర్‌తో సహా, ఒకేసారి సెలెక్ట్ చేసి షట్ డౌన్ కాదు, టర్న్ ఆఫ్ కొట్టండి. కొట్టి చెన్నై నోడ్ ఈవెంట్ లాగ్ తెరిచి కూర్చోండి. 1135లు పడతాయి, అవి పడాల్సినవే. ఇంకో అర నిమిషం చూసినా 1177 రాకపోతే రిపోర్ట్‌లో పచ్చ టిక్కు పెట్టుకోవచ్చు. వస్తే, చెన్నై దానంతట అదే లేస్తుందని ఎవరికి మాటిచ్చారో వాళ్ళకి మెయిల్ రాసి విట్‌నెస్ కోసం మూడో చోటు అడగండి.