కడపలో ప్రింట్లు చూసిన రోజు

అనంతపురం నుంచి కడప బస్సు ఎక్కితే తాడిపత్రి దగ్గర బండల పాలిష్ యూనిట్లు కనిపిస్తాయి. మన ఇళ్లలో గచ్చుకీ, వంటింటి గట్టుకీ వేసే నల్లటి కడప బండ ఒక రకం సున్నపురాయి. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన లితోగ్రఫీ, అంటే రాయి మీద గీసిన బొమ్మను కాగితం మీద అచ్చు తీసే పద్ధతి కూడా సున్నపురాయి మీద పుట్టిందే. రాయి మీద జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీసి, బంక, కొంచెం ఆమ్లం కలిపి పూస్తారు. తర్వాత రాయిని తడిపి రోలర్‌తో సిరా ఎక్కిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీత మాత్రం పట్టుకుంటుంది. ఇన్ని బండల మధ్య పెరిగిన నాకు ఈ సంగతి బళ్లో ఎవరూ చెప్పలేదు.

కడపలో ఒక లలితకళల స్టూడియోలో పాత ప్రింట్లు, అంటే చేత్తో గీసో చెక్కో కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, జాగ్రత్త చేశారని తెలిసి వెళ్లాను. వెడల్పాటి చెక్క సొరుగుల్లో, పల్చటి కాగితాల మధ్య పెట్టారు. వేరుశనగ పీకుతున్న ఆడవాళ్ల లినోకట్ (లినోలియం షీటు చెక్కి తీసిన అచ్చు) బాగుంది. గాలిగోపురాల వుడ్‌కట్లు (చెక్క మీద చెక్కి తీసిన అచ్చులు) మాత్రం నచ్చలేదు, పోస్టుకార్డు చూసి చెక్కినట్టున్నాయి.

కదలనివ్వంది గండికోట లోయ ఎచింగ్. రాగిరేకు మీద మైనం పూత వేసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీసినచోట రేకును ఆమ్లం తినేస్తుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పుతారు. "వారగా చూడండి సార్, అప్పుడు కనపడుతుంది" అని అక్కడి అమ్మాయి కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. గీతలు కాగితం మీద సన్నగా ఉబ్బి ఉన్నాయి. చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు. ఫోన్లో ఎంత పెద్దది చేసి చూసినా ఇది దొరకదు. కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంది, అంటే పది ప్రతుల్లో మూడోది. పదీ అసలువే. అందుకే, బొమ్మ కొనలేని ఇంటికి కూడా చేరగల కళ ఇదని నా నమ్మకం.

మాటల్లో ప్రింట్లు చేసే చిత్రకారుడు కృష్ణారెడ్డి గారి ప్రస్తావన వచ్చింది. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ గారి ప్రింట్ల వర్క్‌షాపు అటెలియే 17లో పనిచేసిన మన సీమ మనిషి. మామూలుగా ఒక్కో రంగుకి ఒక్కో రేకు కావాలి. ఆయనా, తోటివాళ్లూ ఒకే రేకు మీద అన్ని రంగులూ ఎక్కించే పద్ధతికి రూపమిచ్చారు. రేకును రకరకాల లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తటిది లోతుకి దిగుతుంది. లిన్సీడ్ నూనె ఎక్కువున్న పల్చటి రంగు పడ్డచోట చిక్కటి రంగు అంటుకోదు. ఆయన ప్రింట్లు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. కడపలో నేను చూసింది పుస్తకంలో ముద్రించిన బొమ్మనే. చాలా బాధనిపించింది.

సాయంత్రం ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాను. తాళపత్రాలు చూసి, త్వరగానే బయటికొచ్చాను. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. తాటాకుల్ని ఇంత శ్రద్ధగా దాచగలిగినవాళ్లు కృష్ణారెడ్డి ప్రింటు ఒక్కటైనా తెప్పించి, సీమ పిల్లలు దగ్గరకెళ్లి వారగా చూసేలా పెట్టాలి. ఈ మాట విశ్వవిద్యాలయానికి ఉత్తరంగా రాస్తున్నాను.